ఉస్తాద్ చెవి

పోయిన గురువారం హెడ్‌ఫోన్ వైరు తెగిపోతే కొత్తది కొనడానికి ఆబిడ్స్ సందులో ఉన్న ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణానికి వెళ్ళాను. దుకాణం ఆయన వైరు చుట్ట విప్పుతూ, తల ఎత్తకుండానే, "ఉస్తాద్ పోయిండు గద మేడమ్, మీకు తెల్వదా?" అన్నాడు. తెలియదన్నాను. రెండు నెలలైందట. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి లేవలేదట. వైరు ఎంత పొడుగు కావాలని మళ్ళీ అడిగాడు. చెప్పి, తీసుకుని, మెట్లెక్కి క్లినిక్‌కి వచ్చి కూర్చున్నాను. బయట బెంచీ మీద పేషెంట్లు ఉన్నారని తెలిసినా లేవబుద్ధి కాలేదు.

ఏడుపు రాలేదు. అలసట వచ్చింది. ఈ మధ్య నాకు మంచి వార్తకైనా చెడ్డ వార్తకైనా ముందు అదే వస్తోంది.

నేను చెవులు పరీక్ష చేసే మనిషిని. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం పైన ధర్మ సంస్థ ఒకటి నడిపే చిన్న క్లినిక్‌లో ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని. గాజు కిటికీ ఉన్న ఇరుకు గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, బొంగురు మోత నుంచి సన్నని మోత దాకా ఒక్కొక్కటే వినిపిస్తాను. వినపడినప్పుడల్లా ఆ మనిషి చేతిలో మీట నొక్కాలి. ఎంత మెల్లని మోత దాకా నొక్కారో చూసి కాగితం మీద గీత గీస్తాను. ఆ గీతే వాళ్ళ చెవి. హిమాయత్‌నగర్‌లో పుట్టి పెరిగిన నేను ఈ ఊళ్ళో సగం వీధుల్ని చెవుల ద్వారానే తెలుసుకున్నాను. ప్రెస్సుల్లో పనిచేసేవాళ్ళ గీత ఒకలా ఉంటుంది, రేకు కొట్టేవాళ్ళది ఒకలా ఉంటుంది.

మూడేళ్ళ కిందట మా పాత యంత్రం మూగబోయింది. దాన్ని చేసిన కంపెనీ విడిభాగాలు ఆపేసి చాలాకాలమైంది. కొత్తది కొనడానికి మూడు కొటేషన్లు తెప్పించమన్నారు సంస్థ పెద్దలు. తెప్పించాక మీటింగులో పెడతామన్నారు. ఆ మీటింగు ఎప్పటికీ రాబోయే నెలలోనే ఉండేది. ఈలోగా బెంచీ మీద జనం పెరిగిపోతున్నారు. పరీక్షకు కావాల్సిన మోతలు పుట్టించే పెట్టె, అంటే ప్రోగ్రాం చేసుకోగల సిగ్నల్ జనరేటర్, ఏదైనా ఉంటే పాత హెడ్‌ఫోన్‌కి కలుపుకుని నెట్టుకురావచ్చు కదా అనిపించి కేటలాగులు పట్టుకుని తిరిగాను. ఇప్పుడు వైరు అమ్మిన ఈ దుకాణం ఆయనే అప్పుడు నన్ను నాంపల్లి పంపాడు.

స్టేషన్‌కి వెళ్ళే దారిలో పుస్తకాలు బైండింగు చేసే కొట్టు ఒకటి, దాని పైన రెండో అంతస్తులో ఆయన గది. ఊరేదో, పిల్లలెందరో నాకు తెలియదు. నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. మాటను బట్టి తెలంగాణ పల్లెనుంచి వచ్చినవారని తెలిసేది. మొదటిసారి నేను "మాస్టారూ" అంటే ఆయన నవ్వి, "నేను పంతులును గాదు మేడమ్, అందరు ఉస్తాద్ అంటరు, మీరూ గట్లనే అనుండ్రి" అన్నారు. రెండు జేబుల చొక్కా. ఒక జేబులో స్క్రూడ్రైవరు, రెండోదాంట్లో మడత పెట్టిన రూళ్ళ పుస్తకం. చొక్కా ఏదైనా సాల్డరింగు పొగ వాసన ఒక్కటే.

ఆయనకొక అలవాటు ఉండేది. ఎవరు ఏం మాట్లాడుతున్నా సరే, హఠాత్తుగా రెండు వేళ్ళు పైకెత్తి "జర" అనేవారు. అందరం నోళ్ళు మూసేవాళ్ళం. ఎడమ కన్ను మూసి, తల కుడివైపు వంచి, కిటికీలోంచి వచ్చే ఏదో చప్పుడు విని, "మూడు వందల యాభై" అనేవారు. అది బస్సు హారన్ మోత. సెకనుకు మూడు వందల యాభై సార్లు కంపిస్తోందని అర్థం. నేను నమ్మక ఫోనులో కొలిచి చూస్తే రెండు మూడు అంకెల తేడా కూడా ఉండేది కాదు. స్టేషన్ గంట, కింద బైండింగు మిషను, నీళ్ళ మోటారు, అన్నిటికీ ఆయన దగ్గర అంకె ఉండేది. పక్కింటి కుక్కరు కూతకు మాత్రం వేళ్ళు లేచేవి కావు. కిటికీ ఊచల మీద పిచ్చుకలు అరిచినా లేచేవి కావు. నేను మాట్లాడుతుంటే నా నోటి వైపే చూసేవారు. శ్రద్ధగా వినే మనిషి అనుకుని ముచ్చటపడ్డాను. చెవులు చూడటమే నా ఉద్యోగం, అయినా ఇవేవీ నా బుర్రకెక్కలేదు.

కేటలాగులు ముందు పెడితే ఆయన పక్కకు జరిపేశారు. అవన్నీ తర్వాత, ముందు మీ పేషెంట్లకు ఏం వినిపించాలో చెప్పమన్నారు. ఎంత బొంగురు, ఎంత సన్నం, ఒక్కొక్కటీ ఎంతసేపు, మధ్యలో ఎంత విరామం అని గుచ్చి గుచ్చి అడిగి పుస్తకంలో రాసుకున్నారు. కేటలాగులో అన్నిటికంటే ఖరీదైన దాని బొమ్మ మీద వేలు పెట్టి, "గిది లక్ష మోతలు చేస్తది, గని ఒక్క మోతను మెల్లగ మొదలువెట్టుడు రాదు" అన్నారు. అది నిజం. మోత టక్కున మొదలైతే హెడ్‌ఫోన్‌లో చిటికె వేసిన చప్పుడవుతుంది. జనం ఆ చిటికె విని మీట నొక్కేస్తారు, మోత విన్నామనుకుంటారు. ఈ సంగతి ఇంజనీర్లకు చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. ఈయన నేను చెప్పకముందే చెప్పారు. ఆ క్షణం నుంచే ఆయన మీద నాకు గురి కుదిరిపోయింది. కుదిరిన గురి మనల్ని ఎంత బద్ధకస్తుల్ని చేస్తుందో తర్వాత తెలిసింది.

పెట్టె చేయడానికి నెలన్నర పట్టింది. చిన్న బోర్డు, అందులో ఒక చిప్పు. ప్రోగ్రాములు రాయడం ఆయన అరవై దాటాక ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నారు. ముందు రూళ్ళ పుస్తకంలో తెలుగులో రాసేవారు: మోత మొదలు, మెల్లగ, రెండు సెకన్లు, మెల్లగ బందు, మూడు సెకన్లు ఆగు. దాన్నే ఒక్క వేలితో ఇంగ్లీషులో కొట్టేవారు. చిప్పు మొండికేస్తే, "ఏంది, గట్ల అలుగుతవ్" అని దాన్నే బుజ్జగించేవారు.

అదే బోర్డుతో ఆయన ఎలుకల యంత్రాలు కూడా చేసేవారు. మనిషి చెవికి అందని మోత, నలభై వేల దగ్గర, గోదాముల్లో మోగిస్తే ఎలుకలు పారిపోతాయని వ్యాపారుల నమ్మకం. పదిహేను రోజుల్లో ఎలుకలకు కూడా అలవాటైపోతుందని ఆయన ముందే చెప్పేవారు. అందుకే మోత ఎప్పటికప్పుడు మారిపోయేలా ప్రోగ్రాం పెట్టేవారు. ఒక నోటుపుస్తకాల వ్యాపారి వచ్చి, ఏమీ వినపడటం లేదు, ఇది పనిచేస్తోందని ఎలా నమ్మేది అని పోట్లాడాడు. ఉస్తాద్ ఒక ఎర్ర బల్బు తగిలించి మిణుకు మిణుకుమనేలా చేశారు. వ్యాపారి సంతోషంగా వెళ్ళిపోయాడు. నేను అడగకపోయినా నా పెట్టెలో కూడా ఆ నలభై వేల మోత పెట్టారు. చిప్పు ఎలాగూ అంత దూరం పోతుంది, ఉండనీయండి అన్నారు.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. దాని సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. చెవికి అందని మోతను ఆయన స్కోపు అనే కొలిచే యంత్రం తెర మీద గీతగా చూసి, గళ్ళు లెక్కపెట్టి సరిచేసేవారు. చెవికి అందే మోతను మాత్రం తెర మీద చూసి వదిలేవారు కాదు. "తీగల కొలత ఏరు మేడమ్, చెవుల మోత ఏరు" అనేవారు. అందులో తప్పు లేదు. వైరులో అన్నీ సమానంగా వెళ్ళినా హెడ్‌ఫోన్ కొన్నిటిని గట్టిగా, కొన్నిటిని మెల్లగా పలుకుతుంది. అందుకని ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కొక్క మోతనూ వెయ్యి దగ్గరి మోతతో పోల్చి, సమానంగా వినపడేదాకా పెంచుతూ తగ్గిస్తూ పోయేవారు. కుదిరిన అంకెను ప్రోగ్రాంలోని పట్టికలో రాసేవారు. ఇలా చేశాకే ఏ పెట్టె అయినా గది దాటేది. ఆ పట్టికను మీటరు పెట్టి సరిచూడవలసిన మనిషిని నేను. దానికి మా రిజిస్టరులో ఒక గడి కూడా ఉంది.

పెట్టె వచ్చిన రోజు బెంచీ మీద, మెట్ల మీద, కింద బట్టల దుకాణం అరుగు మీద కూడా జనం ఉన్నారు. గడిలో సంతకం పెట్టి మొదటి పేషెంటును పిలిచాను.

ఆ వారంలోనే గౌలిగూడ నుంచి రేకు ట్రంకు పెట్టెలు చేసే ఒకాయన భార్యతో వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా రేకు కొడుతున్నాడట. మనుమరాలు మాట్లాడుతోందని తెలుస్తుంది కాని ఏమంటోందో తెలియదని చెప్పాడు. భార్య, ఆయనకు అన్నీ వినపడతాయి, వినాలని లేదు, ముప్ఫై ఏళ్ళ నుంచీ ఇంతే అంది. పరీక్ష చేశాను. గీత చక్కగా వచ్చింది, ఆ వృత్తికి రావలసిన దానికంటే ఎంతో చక్కగా. ఆశ్చర్యపోవలసింది. "మీ చెవులు బాగానే ఉన్నాయి" అన్నాను. భార్య ఆయన వైపు తిరిగి ఒక చూపు చూసింది. ఆయన కాగితం చేతిలో పట్టుకుని నిలబడి, "ఇంకొక్కపారి చూస్తరా మేడమ్?" అని అడిగాడు. అవసరం లేదన్నాను. బయట జనం ఉన్నారు.

మూడు నెలలు గడిచాయి. ఏడాదికొకసారి నా చెవులు నేనే పరీక్ష చేసుకుంటాను. యాభై దాటినదాన్ని, ఏటా సన్నని మోతల దగ్గర గీత కొద్దికొద్దిగా కిందికి దిగుతూ ఉంటుంది. ఆ ఏడు చూస్తే గీత పైకి లేచి కూర్చుంది. పదేళ్ళ వయసు తగ్గింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత పెట్టె వైపు చూశాను. కోఠిలో ఒక స్నేహితురాలి ల్యాబ్ నుంచి మోత కొలిచే మీటరు అరువు తెచ్చాను. రెండు వేల దాకా అంతా సరిగ్గానే ఉంది. నాలుగు వేల దగ్గర పెట్టె ముప్ఫై డెసిబెల్లని చూపించేచోట హెడ్‌ఫోన్ యాభై పలుకుతోంది. ఎనిమిది వేల దగ్గర ఇంకా ఎక్కువ. అంటే చెవుడు మొదలైన వాళ్ళందరికీ మేము మోతను గట్టిగా వినిపించి, మీకేం లేదు పొమ్మని పంపించాం. మూడు నెలలపాటు.

పెట్టెను సంచీలో వేసుకుని ఆటోలో నాంపల్లి వెళ్ళాను. ఉస్తాద్ దాన్ని స్కోపుకి తగిలించి చాలాసేపు చూశారు. నలభై వేల దగ్గర గీత వెంట్రుకవాసి తప్పలేదు. ఏ మనిషీ వినలేని చోట అంతా సరిగ్గా ఉంది. నాలుగు వేల దగ్గరికి వచ్చేసరికి ఆయన పట్టిక తెరిచి, తన అంకెల మీద వేలు ఆనించి ఆగిపోయారు. "ఇనే పెట్టిన గద" అన్నారు, నాతో కాదు. రేపొకసారి క్లినిక్‌కి రమ్మన్నాను. ఎందుకని ఆయన అడగలేదు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. అన్నేళ్ళు సౌండు పని చేసిన మనిషి అలాంటి గదిలో కూర్చోవడం అదే మొదటిసారట. ప్రోగ్రాంలో అంకెలు మీటరు ప్రకారం సరిచేసి, హెడ్‌ఫోన్ తగిలించి, మీట చేతికిచ్చాను. గాజు ఇవతలి నుంచి చూస్తున్నాను. వెయ్యి దగ్గర నొక్కారు. నాలుగు వేల దగ్గర నొక్కారు. ఎనిమిది వేల దగ్గర, అంత మెల్లని మోతకు కూడా, తడుముకోకుండా నొక్కారు. నాకేమీ అర్థం కాలేదు. ఇంత మంచి చెవి ఉన్న మనిషి అంత పెద్ద తప్పు ఎలా చేస్తాడు? అనుమానం వచ్చి, ఆయన చూడకుండా, హెడ్‌ఫోన్ వైరును పెట్టెలోంచి పీకేశాను. ఇప్పుడు ఆ చెవుల్లో ఏ మోతా లేదు. ఆయన బొటనవేలు మాత్రం ఆగలేదు. రెండు సెకన్లు, మూడు సెకన్ల విరామం, మళ్ళీ నొక్కడం. మోత ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో ఆయనే రాశారు. అది ఆయన ఒంట్లో ఉంది.

గాజు కిటికీకి దగ్గరగా వెళ్ళి ఊడిన వైరు కొస పైకెత్తి చూపించాను. ఆయన దాన్ని చూశారు. తర్వాత తన బొటనవేలిని చూసుకున్నారు. బయటికొచ్చి, "చెయ్యి నొక్కింది మేడమ్, చెవి గాదు" అన్నారు. మోసం చేస్తున్నానని మీరు అనుకోకూడదు, నాకు నిజంగా వినపడినట్టే ఉంది అని కూడా అన్నారు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆయనే కుర్చీ లాక్కుని కూర్చుని ప్రోగ్రాం మార్చారు. విరామాలు ఎప్పుడెంత ఉంటాయో రాసినవాడికి కూడా తెలియకుండా, చిప్పే ఎంచుకునేలా చేశారు. పావుగంట పట్టింది. మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. ఈసారి మూడు వేల తర్వాత ఆ వేలు కదలలేదు. గట్టిగా పెంచుతూ పోయాను, మరీ గట్టిగా అయితే గాని కదలలేదు. నేను గీత గీసి కాగితం ఆయన ముందు పెట్టాను. ఎందరికో చూపించాను అలాంటివి. ఆయన కాగితాన్ని స్కోపు తెరను చూసినట్టు దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "ఎవరెవరిని చూసిన్రో వాళ్ళ పేర్లు ఇయ్యుండ్రి" అన్నారు.

ఫోన్లు చేశాం. కొందరు వచ్చారు, కొందరు ఇప్పుడెందుకులే అన్నారు, కొందరి నంబర్లు పనిచేయలేదు. రెండోసారి పరీక్ష చేసినవాళ్ళలో చాలామందికి గీత కిందికి దిగింది. ఆ తర్వాత ఉస్తాద్ మోతల యంత్రాలు చేయడం మానేశారు. ఎలుకలవి మాత్రమే చేసేవారు, అవి తెర మీద చూసి చేసేవి గనక. నేను ఆ గదికి రెండే రెండుసార్లు వెళ్ళాను. పనేమీ లేదనీ, మెట్లు ఎక్కలేననీ నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం గౌలిగూడలో జరిగింది.

ట్రంకు పెట్టెల ఆయన ఫోనెత్తలేదు. ఎత్తినా ఆయనకేం వినపడుతుంది? అందుకని ఉస్తాద్‌కు పరీక్ష చేసిన మర్నాడే ఇద్దరం వెళ్ళాం. నేనొక్కదాన్నే వెళ్తానన్నాను, ఉస్తాద్ వినలేదు. కొట్టు ముందు రేకు దడదడలాడుతోంది. ఉస్తాద్ దగ్గరికెళ్ళి ఏదో చెప్పారు, ఆయన సుత్తి ఆపకుండా ఏదో అన్నాడు, ఒకరి మాట ఒకరికి అందలేదు. ఇద్దరూ అరుచుకుంటుంటే దారినపోయేవాళ్ళు కొట్లాట అనుకుని ఆగారు. లోపలినుంచి భార్య వచ్చింది. ఉస్తాద్ ఆమె వైపు తిరిగి చేతులు జోడించారు. "అమ్మా, ఈయన అబద్ధం ఆడలే. నిజంగనే ఇనబడ్తలేదు. డబ్బా నేను చేసిన. తప్పు నాది."

ఆయన సుత్తి కింద పెట్టాడు. ఉస్తాద్ పెదవులు చూసి కొంత అర్థమైనట్టుంది. "మళ్ళ చెప్పు. గట్టిగ చెప్పు. ఆమె ముంగట చెప్పు" అన్నాడు.

ఉస్తాద్ మళ్ళీ చెప్పారు, వీధంతా వినేలా. నేను పక్కన చేతి సంచీ పట్టుకుని నిలబడ్డాను. ఆమె మా ఇద్దర్నీ ఒకసారి చూసింది. తర్వాత భర్త ఎదురుగా వచ్చి, ఆయన ముఖంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడిగా పలుకుతూ, చాయ్ తాగుతవా అని అడిగింది. ఆయన తల ఊపి, రేకు మీద చెయ్యి ఆనించి, ముఖం అటు తిప్పుకున్నాడు.

తిరుగు దారిలో బస్సు కోసం నిలబడ్డాం. ఉస్తాద్ బాగా అలిసిపోయారు, నేనూ అంతే. ఒకటి తర్వాత ఒకటి బస్సులు రొద చేస్తూ మలుపు తిరుగుతున్నాయి. ఆయన రోడ్డు వైపు చూస్తూనే అడిగారు. "ఒక్క మాట మేడమ్. నేను డబ్బా ఇచ్చినంక మీరు మీటర్ వెట్టి చూసిన్రా?"

"చూడలేదు ఉస్తాద్" అన్నాను.

నిజమే చెప్పాను. కాని మొహం పక్కకు తిప్పుకుని, గొంతు పెంచకుండా చెప్పాను. ముందురోజే ఆయన చెవుల గీత గీసింది నేనే. ఆ రొదలో ఎంత గట్టిగా అంటే మాట ఆయనకు అందుతుందో, ఎంత మెల్లగా అంటే అందదో ఈ ఊళ్ళో నా ఒక్కదానికే తెలుసు.

ఆయన కాసేపు నావైపు చూసి, వినపడనివాళ్ళు ఊపినట్టే తల ఊపారు. "అయితే తప్పంత నాదే" అని బస్సెక్కారు. నేను మళ్ళీ చెప్పలేదు.